గయలో వదిలిన పండు

అచ్చియమ్మకు మామిడిపండంటే ఉన్న పిచ్చి మౌలాలి రైల్వే కాలనీలో తెలియనివాళ్ళు లేరు. విజయనగరం దగ్గర పుట్టి పెరిగిన మనిషి, ఆ మాత్రం ఉండదా మరి. వేసవి వచ్చిందంటే ఆవిడ మొగుడు తాతబ్బాయి వర్క్‌షాపు నుంచి వస్తూ వస్తూ సైకిలు హ్యాండిలుకు పళ్ళ సంచీ తగిలించుకుని వచ్చేవాడు. మొగుడూ పెళ్ళాం పెరటి గుమ్మంలో ఎదురెదురుగా కూర్చుని, మోచేతుల దాకా రసం కారుతున్నా పట్టించుకోకుండా, ఒక్క మాట లేకుండా తినేవాళ్ళు. అలాంటి మనిషి గయలో మామిడిపండు వదిలేసి వచ్చిందంటే కాలనీ అంతా ముక్కున వేలేసుకుంది.

వదల్లేదండీ బాబూ. గొడవంతా అక్కడే ఉంది.

తాతబ్బాయి గుండెనొప్పితో పోయిన మరుసటి ఏడు కాలనీవాళ్ళు కొందరు కలిసి కాశీ, గయ బయలుదేరితే అచ్చియమ్మ కూడా వెళ్ళింది. కొడుకు సాయిబాబు కంప్యూటర్ కోర్సుకు సెలవు పెట్టి వెంట వచ్చాడు. పక్కింటి అనసూయమ్మ కూడా ఉంది. గయలో తండ్రికి పిండాలు పెట్టి సాయిబాబు వ్యాను మాట్లాడటానికి బయటకు వెళ్ళాడు. అప్పుడు పండా, అంటే అక్కడ కర్మ చేయించే పురోహితుడు, ఆడవాళ్ళను ఒక్కొక్కరినే పిలిచి, పోయినవాళ్ళ పేరు చెప్పించి, ఒక పండూ ఒక కూరా వదలమన్నాడు. వదిలితే ఇక ఈ జన్మకు నోట పెట్టకూడదు. ప్రాణానికి ఇష్టమైనదాన్నే వదలాలని పెద్దలు పెట్టిన నియమం. ఎన్నడూ తినని కాయ పేరు ఏదో చెప్పి బయటపడటం మన జనం కనిపెట్టిన ఉపాయం.

అచ్చియమ్మ నాలుక చివరిదాకా మామిడే వచ్చింది. నిజం చెప్పాలంటే ఆవిడ ఆ మాట అనాలనే కూర్చుంది. ఆయన లేకుండా ఒక్కదాన్నే ఆ గుమ్మంలో కూర్చుని ఏం తింటానని కూడా అనుకుంది. కానీ ప్రాణం ఒప్పుకోలేదు. పొద్దున్న సత్రం బయట బండి మీద చూసిన పళ్ళు గుర్తొచ్చాయి. పసుపూ ఎరుపూ కలిసి, ఒంటినిండా నూగుతో, మంచి వాసన వేస్తున్నాయి. ఏం పళ్ళని అడిగితే బండివాడు ఆడూ అన్నాడు. మన పట్నంలో చదువుకున్నవాళ్ళు పీచ్ అంటారు చూడండి, అవే. ఆవిడ జన్మలో తినలేదు. ఆ పండు సికింద్రాబాదుకు వచ్చినా మౌలాలికి రాదు, మౌలాలికి వచ్చినా తన ఇంటికి రాదు. "ఆడూ" అంది. కూర పేరూ ఏదో చెప్పించుకుని పండా ఆవిడ దోసిట్లో నీళ్ళు పోసి తరవాతి మనిషిని పిలిచాడు.

అక్కడితో ఊరుకున్నా పోయేది. తిరుగు రైల్లో ఎవరు ఏం వదిలారన్న ముచ్చట్లు మొదలయ్యాయి. అనసూయమ్మ జామపండు వదిలానని చెప్పి కళ్ళు తుడుచుకుంది. ఒకావిడ వెలక్కాయ వదిలానంటే బోగీ అంతా గొల్లుమంది. "మొగుడి ఆత్మకు సుత టోపీ పెట్టినవు గదమ్మా" అని ఎవరో ఎగతాళి చేశారు. ఆ మాట తననే అన్నట్టు తగిలింది అచ్చియమ్మకు. ఎదురుగా కొడుకు కూర్చుని ఉన్నాడు. "మీరేం వదిలిన్రు అచ్చియమ్మ గారూ?" అని అనసూయమ్మ అడగనే అడిగింది.

"మామిడిపండు" అంది అచ్చియమ్మ.

బోగీలో నవ్వులు ఆగిపోయాయి. అనసూయమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని, "తాతబ్బాయి గారు పుణ్యాత్ములు" అంది. సాయిబాబు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇక వెనక్కి తీసుకోవడం ఎలాగ?

దాంతో ఉన్నదీ పోయింది, లేనిదీ పోయింది. తల్లి ముందు మామిడిపండు తినడం పాపమని సాయిబాబు ఇంటికి పళ్ళు తేవడమే మానేశాడు. ఇరుగుపొరుగువాళ్ళు ఆవిడ వస్తోందంటే పళ్ళెం పక్కన పెట్టేసేవాళ్ళు. అచ్చియమ్మ ఒకసారి ఆగలేక మోండా మార్కెట్లో ఒక పండు కొని, బస్తాల చాటున నిలబడి గబగబా తినేసింది. ఇంటికి వచ్చాక మొగుడి ఫోటో వైపు చూడటానికి సిగ్గుపడింది. ఆయన పేరున వదిలింది ఆ పండు కాదని తెలుసు, అయినా సిగ్గుపడింది. ఆ తరవాత ఎన్నడూ తినలేదు.

ఇంతలో రోజులు మారిపోయాయి. కంప్యూటరు నేర్చిన ప్రతి కుర్రాడికీ ఉద్యోగమే. సాయిబాబుకు హైటెక్ సిటీలో దొరికింది. పొద్దున్నే కంపెనీ బస్సెక్కితే చీకటి పడ్డాక దిగేవాడు. ఆ బస్సులోనే మెట్టుగూడలో ఎక్కే దేవకృప పరిచయమైంది. ఏడాది తిరిగేసరికి చేసుకుంటే ఆ పిల్లనే చేసుకుంటానన్నాడు. వాళ్ళు క్రైస్తవులు. తండ్రి లేడు, తల్లి ఆలిస్ బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతుంది, క్రిస్మసుకు ఆర్డర్లు తీసుకుని కేకులు చేస్తుంది.

అచ్చియమ్మ ఏమీ దేవత కాదు. రెండు నెలలు కొడుకుతో సరిగ్గా మాట్లాడలేదు. మనవాళ్ళలో పిల్లలే కరువయ్యారా అంది, మీ నాన్న ఉంటే ఏమనేవాడో అంది. ఆ మాటలన్నీ ఎలాగో మెట్టుగూడకు చేరాయి. తరవాత ఒక ఆదివారం సాయిబాబు ఆ పిల్లను ఇంటికి తీసుకొచ్చాడు. దేవకృప నిదానంగా మాట్లాడింది, తిన్న కంచం తనే తీసింది, ఫోటోలోని తాతబ్బాయిని చూసి, "సాయి నవ్వు మామయ్యదే అత్తమ్మా" అంది. అచ్చియమ్మ మనసు అక్కడే కరిగింది. అయితే కరిగిన సంగతి కొడుకుతో చెప్పిందా? లేదు. ఎవరికీ చెప్పలేదు. నాలుగు రోజులు బెట్టు చేసి, ఆ తరవాత, "సరే, వాళ్ళింటికెల్లి మాటాడదాం" అంది.

రెండువేల ఒకటి వేసవిలో, ఎండలు ఇంకా తగ్గకముందే, మెట్టుగూడ వెళ్ళారు. అచ్చియమ్మ, సాయిబాబు, మరిది తాతాజీ, పెద్దరికానికి అనసూయమ్మ. ఆలిస్ సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చేసిన నేతచీరలో గుమ్మంలోనే నిలబడి ఉంది. మంచినీళ్ళు ఇచ్చింది, టీ ఇచ్చింది. అచ్చియమ్మ ఆ చేతి నీళ్ళూ తాగింది, టీ తాగింది, కొట్టు నుంచి తెచ్చిన కారప్పూస తింది. మాటలు బాగానే సాగాయి. పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో, భోజనాలు హాల్లో అని తాతాజీ తేల్చేశాడు.

అప్పుడు ఆలిస్ వంటింట్లోంచి పెద్ద పళ్ళెం తెచ్చింది. దాన్నిండా చిన్న చిన్న కేకులు, ఒక్కొక్కటీ గుప్పెడంత. ఒక్కొక్కదాని నెత్తిన సగం చెక్క పండు, అంచుల్లో ఎర్రబడి, రసం ఉడికి కేకులోకి దిగి, పైన చక్కెర మెరుస్తోంది. దాల్చినచెక్క వాసన గదంతా కమ్ముకుంది.

ఆ కేకుల వెనక ఎంత పని ఉందో అచ్చియమ్మకు చాలా కాలం తరవాత తెలిసింది. పళ్ళు మరీ మెత్తబడితే కేకు నీరు కారుతుంది, గట్టివైతే పులుపు విరగదు. అందుకని ఆలిస్ మోండా మార్కెట్టుకు రెండుసార్లు వెళ్ళి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసి ఒక్కొక్కటీ ఏరుకొచ్చింది. వేడినీళ్ళలో ముంచి తీసి తోలు ఒలిచింది. నడుం చుట్టూ గాటు పెట్టి, రెండు చెక్కలనూ మెలితిప్పి, గింజ తీసింది. వెన్నా చక్కెరా తెల్లబడేదాకా చేత్తోనే గిలక్కొట్టింది. గాజుమూత గుండ్రటి కరెంటు ఓవెన్లో ఒక వాయికి నాలుగు గిన్నెలే పడతాయి. పొద్దున్నుంచీ ఆ వేడిలోనే నిలబడింది. ఒకటే పెద్ద కేకు చేసి కోసి పంచితే ఎంత సుళువు? కోసి పెడితే ఎంగిలి అనుకుంటారేమోనని, మనిషికొకటి, ఎవరి గిన్నె వాళ్ళకు, ఎవరి చెయ్యీ తగలకుండా చేసింది.

"ఎండకాలం నేను మామిడితోనే చేస్త" అంది ఆలిస్, అచ్చియమ్మ ముందు కంచం పెడుతూ. "మీరు గయల మామిడి వదిలిపెట్టిన్రని సాయి చెప్పిండు. అందుకే ఆడూ పండ్లు తెచ్చిన. ఇది మీదమ్మా. గుడ్డు వెయ్యలే, పెరుగుతోని చేసిన."

అచ్చియమ్మ కేకు మీది ఆ పండు చెక్కనే చూస్తూ కూర్చుంది.

చెప్పేస్తే పోయేది. నేను వదిలింది ఇదేనమ్మా అంటే అందరూ ఒక్క నవ్వు నవ్వుకుని ఊరుకునేవాళ్ళు. కానీ పక్కన అనసూయమ్మ ఉంది, ఎదురుగా మరిది ఉన్నాడు, నాన్న కోసం మా అమ్మ మామిడిపండు వదిలిందని కనపడినవాళ్ళందరికీ చెప్పుకునే కొడుకు ఉన్నాడు. పోనీ తినేద్దామా? మొగుణ్ణి ఒకసారి మోసం చేసింది. ఆ మోసంలో కాస్తో కూస్తో నిజం ఉందంటే ఈ పండు ముట్టకపోవడమే. అదీ పోతే ఇంకేముంది?

"నాకొద్దండి" అంది, కంచం కొంచెం అవతలికి జరిపి.

"గుడ్డు లేదమ్మా ఇందుల" అంది ఆలిస్ మెల్లగా.

తాతాజీ నోటినిండా కేకు పెట్టుకుని నవ్వాడు. "గుడ్డేటండీ, మా వదిన చేపలే తినీసుద్ది. మొహమాటపడతంది, పెట్టండి."

ఉన్న ఒక్క సాకూ పోయింది. "నాకు సయించదు" అంది అచ్చియమ్మ, ఎవరి మొహమూ చూడకుండా. ఆలిస్ ఒక్క క్షణం నిలబడింది. ఇంతకుముందు తన చెవిన పడ్డ మాటలన్నీ ఆ క్షణంలో గుర్తొచ్చి ఉంటాయి. నీళ్ళూ టీ తాగినవాళ్ళు వండింది మాత్రం తినరని ఎంతమంది దగ్గర చూసి ఉంటుందో. కంచం తీసి, కేకు మీద గిన్నె బోర్లించి లోపలికి తీసుకుపోయింది. దేవకృప తల దించుకుంది. సాయిబాబు తల్లి వైపు చూసిన చూపు అచ్చియమ్మకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది.

పెళ్ళి అనుకున్నట్టే జరిగింది. దేవకృప ఒక్క పరుషమాట ఎన్నడూ అనలేదు. అంటే ఎంత బాగుండేదో. మౌలాలి వచ్చినప్పుడల్లా సీలు తీయని స్వీటు డబ్బా, కోయని పళ్ళు తెచ్చేది. తన చేతి వంట ఒక్కటంటే ఒక్కటి తేలేదు. యాప్రాల్‌లో ఫ్లాటు కొన్నాక అచ్చియమ్మ వెళితే, అల్మారాలోంచి కొత్త గిన్నెల జత తీసి చూపించింది. "ఇవి మీకే అత్తమ్మా, వేరే ఎవరం ముట్టం. మీకు నచ్చినట్టు వండుకోండ్రి" అంది. నవ్వుతూనే అంది. ఆలిస్ ఎదురుపడితే మర్యాదగా పలకరించేది, మూత తీయని నీళ్ళసీసా ఇప్పించేది. తన చేత్తో గ్లాసు మాత్రం అందించేది కాదు. ఈ మర్యాదలన్నీ అచ్చియమ్మ నోరు మూసుకుని పుచ్చుకుంది. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి మరి.

చెప్పాలని అనుకోని రోజు లేదు. మనవరాలు పుట్టినప్పుడు ఆసుపత్రి బెంచీ మీద వియ్యపురాళ్ళిద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. చెబుదామనుకునేలోగా అనసూయమ్మ ఫ్లాస్కుతో ఊడిపడింది. ఇంకోసారి మెట్టుగూడ బస్టాపులో ఆలిస్ ఒక్కతే కనిపించింది. "వదినగారూ, ఆ రోజు నాను..." అని మొదలుపెట్టింది. "ఎవరి పద్ధతి వాళ్ళది వదినగారూ. నాకేం బాధ లేదు" అని ఆలిస్ ఆ మాట అక్కడే తుంచేసింది. బస్సొచ్చింది, ఎక్కిపోయింది. అచ్చియమ్మ ఎండలో నిలబడి తనను తానే తిట్టుకుంది.

మనవరాలికి అయిదో ఏడు వచ్చిన పుట్టినరోజు నాడు మాత్రం అచ్చియమ్మ గట్టిగా అనుకునే యాప్రాల్ వెళ్ళింది. ఆ పిల్లకు అమ్మమ్మ చేసే పీచ్ కేకులంటే ప్రాణం. పుట్టినరోజు జూన్‌లోనే కావడంతో ఏటా అవే. వంటింట్లో ఆలిస్ ఒక్కతే స్టూలు మీద కూర్చుని, వేడినీళ్ళలోంచి తీసిన పళ్ళను ఒలుస్తోంది. పక్కన గట్టు మీద పిల్లల కోసం కోసిన మామిడిముక్కల పళ్ళెం, దాని మీద మూత. ఆవిడ వస్తోందని మూత పెట్టి ఉంటారు.

అచ్చియమ్మ ఇంకో స్టూలు లాక్కుని కూర్చుని ఒక పండు చేతిలోకి తీసుకుంది.

"మీకెందుకు తక్లీఫ్ వదినగారూ, హాల్ల కూసోండ్రి" అంది ఆలిస్. ఆవిడ చేతిలోని పండు చూసి, "మీరు ముట్టుకుంటరా ఇవి?" అంది.

"ముట్టుకుంటే దోసం లేదండి. తినకూడదంతే. గయలో నాను వదిలీసింది ఈ పండే."

ఆలిస్ చేతులు ఆగాయి. అచ్చియమ్మ ఇక ఆగలేదు. బండి మీద చూసిన పళ్ళు, పండా, రైల్లో అబద్ధం, బస్తాల చాటున తిన్న మామిడిపండు, అన్నీ చెప్పేసింది. తోలు ఒలిచిన పండు రసం చేతుల్లోంచి కారుతోంది. ఏడుస్తూ చెప్పింది. "మీ చేతిది తినకపోడమేటండీ. ఆ రోజు మీరు ఇంకే పండు పెట్టినా తినీసేదాన్ని. నాది తప్పు. నన్ను చమించండి వదినగారూ."

ఆలిస్ అంతా విన్నది. విని, చల్లగా నవ్వింది. ఆ నవ్వు చూడగానే తన మాట నమ్మలేదని అచ్చియమ్మకు తెలిసిపోయింది.

"సాయి అప్పుడే వచ్చి, అమ్మకు ఆ వాసన పడదన్నడు" అంది ఆలిస్. "తాతాజీ గారు ఫోన్ చేసి మీకు గ్యాస్ అన్నరు. అనసూయమ్మ గారు ఆ దినం మీకు ఒక్కపొద్దు అన్నది. అందరు నా మనసు కష్టం కావొద్దనే చెప్పిన్రు. మీరు సుత నా కోసం గింత పెద్ద కథ అల్లుకొచ్చిన్రు. మామిడి వదిలిన పుణ్యం సుత కాదనుకుంటున్నరు. వద్దు వదినగారూ. నాకేం కోపం లేదు, నిజంగ."

"కథ కాదండీ, ఒట్టు."

"ఒట్లెందుకు పెద్దమనిషీ" అని ఆలిస్ మళ్ళీ పని అందుకుంది.

అచ్చియమ్మ లేచింది. గట్టు మీది మూత తీసి, ఒక మామిడిముక్క నోట్లో పెట్టుకుంది. ఇంకోటి పెట్టుకుంది. "చూడండి, తింటన్నాను. వదిలీసినదాన్నయితే తింటానా?" ఎన్నేళ్ళయింది ఆ తీపి తగిలి. ఏడుపులో కూడా అది ఎంత రుచిగా ఉందో తెలిసి ఆవిడకు ఇంకా ఏడుపొచ్చింది.

ఆలిస్ ఉలిక్కిపడి లేచి ఆవిడ మణికట్టు పట్టుకుంది. "అయ్యో, వద్దు. మీ ఆయన పేరున వదిలిన్రు. నా కోసం గిట్ల చేస్తరా?"

ప్లేట్ల కోసం వచ్చిన దేవకృప గుమ్మంలోనే నిలబడిపోయింది. అత్తగారి నోట్లో మామిడిముక్క, తల్లి కళ్ళల్లో నీళ్ళు. "అత్తమ్మా, ఏం చేస్తున్నరు?"

"మన మనసుల ఏదో ఉన్నదని, అది పోవాల్నని మామిడిపండు తిన్నదే మీ అత్తమ్మ" అంది ఆలిస్. అచ్చియమ్మ రెండు చేతులూ తీసుకుని కళ్ళకద్దుకుంది.

"అది కాదు తల్లీ, నాను వదిలీసింది ఇదీ..." అంటూ అచ్చియమ్మ పళ్ళ గిన్నె చూపించబోయింది.

"ఇగ చాలు అత్తమ్మా. ఏం చెప్పకండ్రి" అని దేవకృప ఆవిడను గట్టిగా పట్టుకుంది. పెళ్ళయ్యాక ఆ పిల్ల అలా పట్టుకోవడం అదే మొదలు. ఆ తరవాత తను తాగే గ్లాసులోనే నీళ్ళు ముంచి తెచ్చి, తన చేత్తో తాగించింది. ఇన్నేళ్ళూ అచ్చియమ్మ ఆ గ్లాసు కోసమే మొహం వాచి ఉంది. గొంతు దాకా వచ్చిన మాటను ఆ నీళ్ళతో మింగేసింది. మింగకుండా ఉండాల్సింది. ఆ సంగతి మింగుతున్నప్పుడే తెలుసు.

మామిడిపండు తిన్న సంగతి కేకులు బయటకు వచ్చేలోగా హాలంతా పాకింది. పిల్లల తల్లులు వచ్చి ఆవిడ పక్కన కూర్చుని, ఈ కాలంలో ఇలాంటి అత్తగారు ఎవరికి దొరుకుతుందన్నారు. మనవరాలు తన కేకు పట్టుకొచ్చి నానమ్మ నోటికి అందిస్తే, నువ్వు తినమ్మా అని బుగ్గ నిమిరింది. తప్పు ఒప్పుకోవడానికి వచ్చిన మనిషి, అందరి మెప్పూ నెత్తిన పెట్టుకుని కూర్చుంది.

చీకటి పడకుండా సాయిబాబు ఆవిడను కారులో మౌలాలి తీసుకొచ్చాడు. ఇంటి ముందు కారు ఆపి ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వేం దిగులు పెట్టుకోకమ్మా. నాన్న ఏమీ అనుకోడు" అన్నాడు.

"మీ నాన్నకి నిజం తెలుసురా బాబూ" అంది అచ్చియమ్మ.

సాయిబాబు తల ఊపాడు. తల్లి చేసిన త్యాగం గురించే అంటోందనుకున్నాడు.